జపాన్‌లో గీసిన మన రాముడు: చిన్నప్పటి కార్టూన్ రామాయణం వెనక కథ

ఈరోజు ఎపిసోడ్‌లో కోటలు లేవు, శాసనాలు లేవు, యుద్ధాల తేదీలు అసలే లేవు. ఒక కార్టూన్ సినిమా గురించి మాట్లాడుకుందాం. కార్టూన్‌కి చరిత్రేంటి అని నవ్వకండి. ఈ సినిమా వెనక ఒక పురావస్తు తవ్వకం ఉంది, ఒక నిరసన ఉత్తరం ఉంది, ఒక ప్రభుత్వం చెప్పిన "కుదరదు" ఉంది, దేశం మొత్తం అట్టుడికిన ఒక డిసెంబర్ నెల ఉంది. వీటన్నిటి మధ్య నుంచి బయటపడి మన ఇంట్లో టీవీ దాకా వచ్చిన బొమ్మల సినిమా అన్నమాట.

పేరు చెప్తే చాలామందికి వెంటనే గుర్తొస్తుంది. "రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ".

ముందు నా సంగతి చెప్తాను. 2000ల మొదట్లో మా ఇంట్లో ఒక్కటే టీవీ. దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం కార్టూన్ నెట్‌వర్క్ పెడితే ఇది వస్తోంది. సముద్రం మీద హనుమంతుడు ఎగురుతున్నాడు. కింద అలలు, పైన మబ్బులు. నేనూ మా చెల్లీ రిమోట్ కోసం కొట్టుకోవడం ఆపేశాం. అంత పెద్ద సముద్రాన్ని అప్పటిదాకా ఏ కార్టూన్‌లోనూ చూడలేదు మేము.

మా నానమ్మకి మాత్రం నచ్చలేదు. ఆవిడ దృష్టిలో రాముడంటే ఎన్టీ రామారావు, అంతే. "లవకుశ" ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. టీవీ వైపు ఒకసారి చూసి, "ఇదేం రాముడ్రా, కళ్లు అంతంతున్నాయి!" అనేసి, చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ ఒక పక్కన కూర్చుంది. సినిమా హిందీలో వస్తోంది. మాకు సగమే అర్థమవుతోంది, ఆవిడకి ఆ సగం కూడా లేదు.

తర్వాతి సెలవుల్లో మళ్లీ వేశారు, ఈసారి మొదటినుంచి చూశాం. రావణుడు సీతమ్మని ఎత్తుకుపోతుంటే జటాయువు అడ్డం వచ్చాడు. అప్పుడు చూశాను, నానమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఇక అక్కణ్నుంచి ఆవిడే మాకు డబ్బింగ్. తెరమీద ఏం జరగబోతోందో ముందే తెలుసు కదా, ఒక్కో సీనుకీ తెలుగులో చెప్పుకుంటూ పోయింది. తెరమీద మాటలు హిందీ, గీతలు జపాన్‌వి, మాకు వినిపించే కథ మాత్రం నానమ్మది.

ఆ బొమ్మలు జపాన్‌లో గీశారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తెలిశాక వచ్చిన మొదటి ప్రశ్న: అసలు వాళ్లకెందుకు?

సరే, 1983కి వెళ్దాం. యూగో సాకో అని ఒక జపాన్ డాక్యుమెంటరీ దర్శకుడు. అప్పటికే ఇండియాకి చాలాసార్లు వచ్చి వెళ్లిన మనిషి. ఆ సమయంలో మన పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ ఉత్తరప్రదేశ్‌లో, రామాయణంతో సంబంధం ఉందని జనం నమ్మే చోట్ల తవ్వకాలు చేస్తున్నారు. అలహాబాద్ దగ్గర శృంగవేరపురం అందులో ఒకటి. గుహుడు రాముణ్ని గంగ దాటించాడని చెప్పుకునే ఊరు. ఆ తవ్వకాల మీద "ద రామాయణ రెలిక్స్" పేరుతో డాక్యుమెంటరీ తీయడానికి సాకో వచ్చాడు.

తీయడానికి వచ్చింది మట్టి కింద దొరికిన ఆధారాల గురించి. కానీ ఆ ఊళ్లలో అందరి నోటా వినిపించేది కథ. ఆ కథ ఆయన్ని పట్టుకుంది. జపనీస్ భాషలో దొరికిన రామాయణాలు ఒకదాని తర్వాత ఒకటి చదివాడు. ఒకటీ రెండూ కాదు, పది దాకా చదివాడని చెప్తారు. చదివాక ఆయనకొచ్చిన ఆలోచన, దీన్ని బొమ్మలతో తీయాలని.

ఎందుకు బొమ్మలే? ఆయన చెప్పిన కారణం ఆసక్తిగా ఉంటుంది. రాముడు దేవుడు. ఒక నటుడికి ఆ వేషం వేస్తే ఆ మనిషి ముఖం, ఆ మనిషి వేసిన మిగతా పాత్రలు అన్నీ వెంట వస్తాయి. గీసిన రాముడికి వెనక వేరే సినిమా ఉండదు. అందుకే దేవుణ్ని చూపించడానికి నటుడికన్నా యానిమేషనే సరైనదని ఆయన నమ్మకం. రామారావు గారిని చూసి దణ్నం పెట్టుకున్న మన తెలుగువాళ్లం దీనికి ఒప్పుకోకపోవచ్చు. అయినా ఆలోచించాల్సిన మాటే.

ఇక్కడ కష్టాలు మొదలయ్యాయి. డాక్యుమెంటరీ గురించి ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికలో వార్త వచ్చింది. దాన్ని వేరేగా అర్థం చేసుకుని విశ్వ హిందూ పరిషత్ ఢిల్లీలోని జపాన్ రాయబార కార్యాలయానికి నిరసన ఉత్తరం పంపింది. రామాయణం భారతదేశపు జాతీయ వారసత్వం, ఒక విదేశీయుడు తనకి ఇష్టం వచ్చినట్టు సినిమా తీయడానికి వీల్లేదు, ఇదీ దాని సారాంశం. సాకో వాళ్లని కలిసి, తను తీస్తున్నది డాక్యుమెంటరీ అని చెప్పి, ఆ అపార్థం తొలగించుకున్నాడు. యానిమేషన్ ఆలోచన కూడా వాళ్ల ముందే పెట్టాడు.

తర్వాతి అడ్డంకి ప్రభుత్వం. సాకో కోరుకున్నది రెండు దేశాలూ కలిసి తీయడం. మన ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఏమిటంటే, రామాయణం చాలా సున్నితమైన విషయం, దాన్ని కార్టూన్‌గా చూపించడం కుదరదు.

ఆ రోజుల్ని గుర్తు చేసుకుంటే ఈ జవాబు ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. 1987 జనవరి నుంచి 1988 జూలై దాకా దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ "రామాయణ్" వచ్చింది. ఆదివారం పొద్దున వీధులు ఖాళీ. కొంతమంది టీవీకి పూలదండ వేసి, హారతి ఇచ్చి చూసేవాళ్లు. ఇంకోవైపు అయోధ్య వివాదం రోజురోజుకీ వేడెక్కుతోంది. అలాంటప్పుడు ఎవరో వచ్చి "రాముడి మీద కార్టూన్" అంటే అధికారులకి ఏం గుర్తొస్తుంది? మిక్కీ మౌస్ గుర్తొస్తుంది. మనకి అప్పట్లో కార్టూన్ అంటే నవ్వించేది, లేదంటే పత్రికలో రాజకీయ నాయకుణ్ని వెక్కిరించేది. జపాన్‌లో అలా కాదు. అక్కడ యుద్ధం, చావు, ప్రేమ, పురాణం అన్నీ బొమ్మల్లో చెప్తారు. ఒకే మాటకి రెండు దేశాల్లో రెండు అర్థాలు. ఆ తేడాలోనే సినిమా ఇరుక్కుపోయింది.

సాకో మాత్రం వదల్లేదు. ఇండియాలో కుదరకపోతే జపాన్‌లోనే తీద్దాం, కానీ ఇండియా మనుషులు పక్కన ఉండాలి అన్నాడు. 1990లో పని మొదలైంది. దర్శకులుగా మూడు పేర్లు కనిపిస్తాయి: యూగో సాకో, కోయిచి ససాకి, రామ్ మోహన్.

ఈ రామ్ మోహన్ గారి గురించి రెండు నిమిషాలు ఆగాలి. భారతీయ యానిమేషన్‌కి పెద్దదిక్కు అంటే ఆయనే. 1950ల్లో ఫిల్మ్స్ డివిజన్ బొంబాయిలో కార్టూన్ విభాగం పెట్టినప్పుడు, మనవాళ్లకి పని నేర్పడానికి క్లెయిర్ వీక్స్ అనే డిస్నీ యానిమేటర్ వచ్చాడు. "బాంబి"కి పనిచేసిన మనిషి. ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి బ్యాచ్‌లో రామ్ మోహన్ ఒకరు. జాతక కథ మీద 1957లో వచ్చిన "ద బన్యన్ డీర్" ఆ కాలపు పనే. సత్యజిత్ రాయ్ "శత్‌రంజ్ కే ఖిలాడీ"లో వచ్చే యానిమేషన్ భాగం రామ్ మోహన్‌ది. ఆడపిల్లల చదువు గురించి యునిసెఫ్ చేసిన "మీనా" సిరీస్ వెనక కూడా ఆయన ఉన్నారు. ఇలా ముప్పై ఏళ్లకి పైగా చిన్న చిన్న సినిమాలూ టైటిళ్లూ చేసుకుంటూ వచ్చిన మనిషికి, రెండు గంటలు దాటిన రామాయణం చేతికొచ్చింది.

ఇప్పుడు పని ఎంతో లెక్క వేద్దాం. ఇది కంప్యూటర్ బొమ్మల కాలం కాదు. ముందు కాగితం మీద బొమ్మ గీయాలి. దాన్ని సెల్ అనే పారదర్శకమైన షీటు మీదకి ఎక్కించాలి. వెనక వైపు నుంచి రంగు వేయాలి. విడిగా గీసిన అడవో, అంతఃపురమో ఉన్న చిత్రం మీద ఆ షీటు పెట్టి, కెమెరాతో ఒక్క ఫోటో తీయాలి. తర్వాత ఇంకో షీటు, ఇంకో ఫోటో. సెకనుకి 24 ఫ్రేములు. సినిమా 135 నిమిషాలు, అంటే 8,100 సెకన్లు. మొత్తం 1,94,400 ఫ్రేములు! ప్రతి ఫ్రేముకీ కొత్త బొమ్మ అవసరం ఉండదు, ఒకే బొమ్మని రెండు మూడు ఫ్రేములు ఉంచుతారు. అయినా సరే, దాదాపు లక్ష సెల్స్ చేత్తో గీశారని చెప్తారు. పనిచేసిన కళాకారులు సుమారు 450 మంది. మనం ఫోన్‌లో వేలితో ముందుకి తోసేసే పది సెకన్ల వెనక కొన్ని రోజుల పని ఉందన్నమాట.

బొమ్మలు గీయడం ఒక ఎత్తు, ఏం గీయాలో తెలియడం ఇంకో ఎత్తు. జపాన్ కళాకారుడికి కత్తి పట్టుకున్న సమురాయ్‌ని గీయడం తెలుసు. కానీ పంచె కట్టుకున్న మనిషి కింద కూర్చుంటే కుచ్చెళ్లు ఎలా పడతాయి? పెద్దవాళ్లకి మర్యాద చూపించాలంటే జపాన్‌లో నడుం వంచి నిలబడతారు. మన దగ్గర కాళ్లకి దణ్నం పెడతాం, పెద్దవాళ్లు తలమీద చెయ్యి పెట్టి దీవిస్తారు. ఆ చెయ్యి ఎంతసేపు ఉండాలి, ఎంత మెల్లగా పైకి లేవాలి? మన యానిమేటర్లు పక్కనుండి చెప్పింది ఇలాంటివే: పంచె ఎలా కడతారు, పిల్లలు పెద్దల ఆశీర్వాదం ఎలా తీసుకుంటారు.

ఆ నిరసన ఉత్తరంలో ఉన్న భయం పూర్తిగా తప్పని నేను అనను. బయటివాళ్లు మన కథని తీసుకుని చెడగొట్టిన సందర్భాలు చాలానే ఉన్నాయి. "నీకేం తెలుసని గీస్తున్నావ్?" అనేది న్యాయమైన ప్రశ్నే. సాకో దగ్గర దానికి జవాబు ఉంది. నాకు తెలియదు, తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుంటాను, చెప్పించుకుని గీస్తాను. ఆయన నోటితో ఇలా అన్నాడని చెప్పట్లేదు, ఆయన చేసిన పని నాకు అలా అర్థమైంది.

సంగీతం వన్‌రాజ్ భాటియా. లండన్‌లో, పారిస్‌లో పాశ్చాత్య సంగీతం చదువుకున్న మనిషి. మన హైదరాబాద్ చుట్టుపక్కల తీసిన శ్యామ్ బెనెగల్ "అంకుర్"కి సంగీతం ఆయనదే. ఇక్కడ ఒక ముచ్చట. సినిమా మొదట తయారైంది ఇంగ్లీష్ మాటలతో, కానీ పాటలు మాత్రం సంస్కృతంలో ఉన్నాయి. జపాన్ బొమ్మ, ఇంగ్లీష్ మాట, సంస్కృత పాట. కాగితం మీద చూస్తే కలగూరగంపలా ఉంటుంది. తెరమీద చూస్తే అలా అనిపించదు.

సినిమా పూర్తయింది. 1993 జనవరిలో ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు. తేదీ గమనించారా? 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చివేత జరిగింది. దేశంలో చాలాచోట్ల అల్లర్లు, బొంబాయిలో జనవరిలో కూడా చావులు. రాముడి పేరు ప్రతిరోజూ పత్రికల మొదటి పేజీలో ఉంది, కానీ ఆ వార్తల్లో కథ లేదు. అలాంటి నెలలో, ఎవరినీ నొప్పించకుండా తీసిన ఒక బొమ్మల రామాయణం వచ్చింది. మన దేశంలో పెద్ద ఎత్తున థియేటర్లకి చేరలేదు. జపాన్‌లో థియేటర్లకి రావడానికే 1997 దాకా పట్టింది. అమెరికా కోసం చేసిన ఇంగ్లీష్ రూపంలో కథ చెప్పిన గొంతు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది, అంటే "లయన్ కింగ్"లో ముఫాసా. రాముడికి గొంతిచ్చింది బ్రయాన్ క్రాన్‌స్టన్. అవును, తర్వాత "బ్రేకింగ్ బ్యాడ్"లో కనిపించిన ఆయనే!

హిందీ డబ్బింగ్ ఇంకో విశేషం. రాముడికి అరుణ్ గోవిల్, అంటే దూరదర్శన్ రాముడే. రావణుడికి అమ్రీష్ పురి. వ్యాఖ్యానం శత్రుఘ్న సిన్హా. నటుడి ముఖం వద్దనుకుని బొమ్మల్ని ఎంచుకున్న సినిమాకి, చివరికి జనం రాముడిగా కొలిచిన నటుడి గొంతే వచ్చి చేరింది. చరిత్ర ఇలాంటి సరదాలు చేస్తూ ఉంటుంది.

ఆ హిందీ సినిమానే కార్టూన్ నెట్‌వర్క్‌లో పండగలకి వేసేవాళ్లు. మధ్యలో బోలెడు ప్రకటనలు. కరెంటు పోతే కుంభకర్ణుడు నిద్రలేచాడో లేదో తెలియకుండానే అయిపోయేది. అయినా పెద్ద తెర దొరకని సినిమాని పిల్లలు గుర్తుపెట్టుకున్నారు. పెద్దయ్యాక పేరు వెతికారు, పాత కాపీలు ఇంటర్నెట్‌లో పట్టుకున్నారు, ఒకరికొకరు పంపుకున్నారు. ఈ సినిమా బతికింది అలాగే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. అంత పెద్ద కథని రెండుంబావు గంటల్లో చెప్పాలి కాబట్టి పరుగు కనిపిస్తుంది. బాల్యం దాదాపు లేదు, విశ్వామిత్రుడు వచ్చి పిలిచే వయసు దగ్గరే రాముణ్ని కలుస్తాం. రాక్షస సైన్యం చాలాసార్లు ఉత్త భూతాల గుంపులా ఉంటుంది. మన ఎస్వీ రంగారావు రావణుణ్ని చూసి పెరిగిన కళ్లకి రాక్షసుల్లో కూడా ఒక హుందాతనం కావాలనిపిస్తుంది.

కానీ "మళ్లీ ఇంకో రామాయణమా, అది కూడా వేరేవాళ్లు చెప్పేదా" అనే ప్రశ్నకి జవాబు మన తెలుగులోనే ఉంది. రంగనాథ రామాయణం ఉన్నాక మొల్ల ఎందుకు రాసింది? అవన్నీ ఉండగా విశ్వనాథ సత్యనారాయణ "కల్పవృక్షం" ఎందుకు రాశారు? ఎవరి కాలంలో వాళ్లకి మళ్లీ చెప్పుకోవాలనిపించింది కాబట్టి. బొమ్మల్లో చెప్పడం కూడా మనకి కొత్త కాదు. తోలుబొమ్మలాట చూడండి. తోలుని వెలుగు దూరేంత పల్చగా గీకి, రంగులు అద్ది, తెర వెనక దీపం పెట్టి ఆడిస్తారు. సెల్ యానిమేషన్ కూడా వెలుగు దూరే షీటు మీద రంగు వేసి కదిలించడమే. ఒకదాన్ని చూసి ఇంకొకటి పుట్టిందని కాదు. కానీ కార్టూన్ అంటే వెక్కిరింత అని అధికారులు అనుకున్న ఆ రోజుల్లోనే, మన పల్లెల్లో రాత్రంతా కూర్చుని బొమ్మల రాముడికి దణ్నం పెట్టినవాళ్లు ఉన్నారు. అది ఎవరికీ గుర్తు రాలేదు, అంతే.

యూగో సాకో 2012లో చనిపోయారు. రామ్ మోహన్‌కి 2014లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయనా వెళ్లిపోయారు. 2025 జనవరి 24న సినిమా 4కే నాణ్యతతో మన దేశంలో థియేటర్లకి వచ్చింది. హిందీ, తమిళం, ఇంగ్లీష్‌తో పాటు తెలుగులో కూడా. "బాహుబలి" కథారచయిత విజయేంద్ర ప్రసాద్ గారి సహకారం కూడా ఉంది దీంట్లో. ఢిల్లీలో మొదటి ప్రదర్శన జరిగిన 32 ఏళ్లకి. అసలు తీసినవాళ్లిద్దరూ అది చూడలేదు.

నేను, మా చెల్లి, నాన్న కలిసి వెళ్లాం. ముందు వరుసల్లో పిల్లలు, వెనకంతా మా వయసువాళ్లే. ఎవరూ ఫోన్ తీయలేదు, అదొక్కటే ఆశ్చర్యం. హనుమంతుడి సముద్రం నేను గుర్తుపెట్టుకున్న దానికన్నా పెద్దగా ఉంది. నీళ్ల మీద వెలుగు పడే చోట రంగు ఎలా మారుతుందో మా పాత టీవీలో ఎప్పుడూ కనిపించలేదు.

జటాయువు సీన్ వచ్చింది. ఈసారి తెలుగులోనే మాట్లాడుతున్నారు, ఎవరూ చెప్పక్కర్లేదు. డబ్బింగ్ బాగానే ఉంది. నాన్న నా వైపు వంగి మెల్లగా అన్నారు, "మీ నానమ్మ ఇక్కడ ఇంకా ఎక్కువ చెప్పేదిరా."

నిజమే, చాలా ఎక్కువ చెప్పేది. జటాయువు దశరథుడికి స్నేహితుడని, ముసలితనంలో కూడా లేచి అడ్డం పడ్డాడని, గెలవలేనని తెలిసీ ఎగిరాడని. అవన్నీ తెరమీద ఉన్నాయో, ఆవిడ మాటల్లో ఉన్నాయో ఇప్పుడు విడదీయలేను.

ఈరోజుకి ఇంతే. ఇంట్లో ఇంకా నానమ్మో తాతయ్యో ఉంటే, ఈ సినిమా వాళ్లతో కలిసి ఒకసారి చూడండి. మధ్యలో వాళ్లు మాట్లాడితే ఆపకండి. కావాలంటే మీరే సినిమాని కాసేపు ఆపండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.